మా కొండకు మేమే చుట్టాలమై

ఊరికే కొండ ఎక్కి దిగి రావడాన్ని మీ ఇళ్ళలో ఏమంటారని ఎవరైనా అడిగితే మేము వెంటనే జవాబు చెప్పలేం. కట్టెలకు వెళ్తాం అంటారు. అడ్డాకులకు వెళ్తాం అంటారు. దుంపలకు, కొండ చీపుళ్ళకు, తప్పిపోయిన ఆవుకు వెళ్తాం అంటారు. చైత్రంలో ఇటుకల పండుగ వస్తే వేటకు వెళ్తాం అంటారు. పని పేరు ముందు, కొండ పేరు తర్వాత. అందుకే కిందటి డిసెంబరులో మా టీటీసీ బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో 'రెండో శనివారం, ఆదివారం - వంజంగి అడ్వెంచర్ ట్రిప్' అని మెసేజ్ వచ్చినప్పుడు ఏజెన్సీ నుంచి వెళ్ళిన మా నలుగురికీ ముందు నవ్వొచ్చింది. తర్వాత సరదా కూడా వేసింది. ఏ పనీ లేకుండా కొండెక్కితే ఎలా ఉంటుందో చూద్దామనుకున్నాం.

మేము 1999లో భీమునిపట్నం డైట్‌లో చేరాం. రెండేళ్ళ చదువు. క్లాసులో ఒకే పేరున్నవాళ్ళు ఇద్దరు ముగ్గురు ఉండడంతో అందరం ఊరి పేర్లతోనే పిలుచుకునేవాళ్ళం. మా నలుగురం పాడేరు, హుకుంపేట, పెదబయలు, అనంతగిరి. మైదానం వాళ్ళలో మాకు దగ్గరైనవాళ్ళు ముగ్గురు: చోడవరం, అనకాపల్లి, భీమిలి. అనకాపల్లి ఆడపిల్ల, ఇప్పుడు ఇద్దరు కాలేజీ పిల్లల తల్లి. ఇరవై ఏళ్ళు దాటినా ఆ పేర్లు పోలేదు. పెళ్ళిళ్ళలో కలిసినప్పుడు 'ఒరే పెదబయలూ' అని పిలిస్తే పక్కనున్న బంధువులు వింతగా చూస్తారు.

డైట్‌లో చేరేదాకా మా నలుగురిలో ముగ్గురం సముద్రం చూడలేదు. మొదటి ఆదివారం భీమిలి మమ్మల్ని గోస్తనీ నది సముద్రంలో కలిసేచోటికి తీసుకెళ్ళాడు. ఆ నది మా అనంతగిరి కొండల్లో పుట్టి, బొర్రా గుహల గుండా వచ్చి, అక్కడ సముద్రంలో కలుస్తుంది. 'ఇవి మీ నీళ్ళేరా, భయమెందుకు?' అని చెయ్యి పట్టుకుని లోపలికి దింపాడు. అల వెనక్కి వెళ్ళేటప్పుడు కాళ్ళ కింద ఇసుక జారిపోతుంటే మేము అరిచిన అరుపులు ఇప్పటికీ చెప్పి నవ్వుతాడు. గెడ్డలో వరద వచ్చినా దాటే మేము మోకాలి లోతు నీళ్ళకు అలా అరిచాం. అక్కడ వల బాగుచేసుకుంటున్న వాళ్ళ నాన్న తలెత్తి చూసి, మళ్ళీ పనిలో పడ్డాడు. మాకు అది విహారం, ఆయనకు అది పనిచేసే చోటు. ఆ తేడా ఆ వయసులో మాకు తట్టలేదు.

ఈసారి వాళ్ళ ముగ్గురూ మా దగ్గరికి వచ్చారు. విశాఖపట్నం నుంచి పాడేరు నూట పది కిలోమీటర్ల చిల్లర. చోడవరం, మాడుగుల దాటాక ఘాట్ మొదలవుతుంది. శనివారం మధ్యాహ్నం కారు దిగేసరికి వాళ్ళ సామాను చూసి మాకు మళ్ళీ నవ్వొచ్చింది. కొండెక్కే బూట్లు, తలకు కట్టుకునే లైట్లు, మడతపెట్టే చేతికర్రలు, చలికోట్లు, దెబ్బ తగిలితే వాడే మందుల పెట్టె. అనకాపల్లి మాకు కూడా తలా ఒక తలలైటు కొని తెచ్చింది. మేము వాళ్ళకోసం చోడిపిండి, రాజ్‌మా, ఇంటి పసుపు మూటలు కట్టి ఉంచాం. హుకుంపేట రెండు కంబళ్ళు అదనంగా తెచ్చాడు. ఆ రాత్రి చలికోట్ల కంటే అవే ఎక్కువ పనికొచ్చాయి.

కొండ కింద కుర్రాళ్ళు గుడారాలు అద్దెకిస్తున్నారు. రెండు తీసుకున్నాం. నెగడు వేశాం. బొంగులో చికెన్ కాల్చుకున్నాం. పక్క గుడారాల్లో విశాఖ, విజయనగరం, హైదరాబాదు నుంచి వచ్చిన జనం పాటలు పెట్టుకుని ఎగురుతున్నారు. డబ్బులిస్తే థింసా ఆడే బృందాన్ని కూడా పిలిపిస్తామని ఒక కుర్రాడు వచ్చి అడిగాడు. మమ్మల్ని పోల్చుకోగానే సిగ్గుపడి, 'మీకు కాదు మాస్టారూ' అని వెళ్ళిపోయాడు. మా దగ్గర చదివినవాడే. ఇంటర్ తప్పి ఇక్కడ పని చేసుకుంటున్నాడు.

నెగడు దగ్గర మాట మాట మీద ఉద్యోగాల దగ్గరికి వచ్చింది. మా తరానికి ఆ కథ అందరికీ తెలిసినదే. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో టీచరు పోస్టులు నూటికి నూరూ స్థానిక గిరిజనులకే ఇవ్వాలని 2000 జనవరిలో జీవో నంబరు 3 వచ్చింది. మైదానం నుంచి వేసిన మాస్టార్లు కొండమీది బడులకు సరిగా రాకపోవడం, వచ్చినా పిల్లల భాష తెలియకపోవడం దాని వెనకున్న కారణాలు. మేము నలుగురం ఆ జీవో ఉన్న రోజుల్లోనే ఉద్యోగాల్లో చేరాం. చోడవరం మాత్రం ఆరేళ్ళు ప్రైవేటు బడిలో చాలీచాలని జీతానికి పనిచేసి, తర్వాత డీఎస్సీలో మైదానం పోస్టు తెచ్చుకున్నాడు. ఆ ఆరేళ్ళూ వాడు మాతో సరిగా మాట్లాడలేదు. ఫోన్ చేస్తే 'మీకేం బాబూ' అనేవాడు. ఆ మాట మా మధ్య చాలాకాలం ముల్లులా ఉండిపోయింది.

2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ జీవో చెల్లదని తీర్పు ఇచ్చింది. అప్పటికే చేరినవాళ్ళ ఉద్యోగాలను మాత్రం షరతులతో నిలబెట్టింది. మా తర్వాత డీఎడ్ చదివిన మా తమ్ముళ్ళు, చెల్లెళ్ళు, మా దగ్గరే అ ఆలు దిద్దినవాళ్ళు, ఆ తలుపు మూసుకుపోయాక మిగిలారు. ఈ సంగతి పెదబయలు చెప్తుంటే చోడవరం నెగట్లోకి కట్టె తోస్తూ విన్నాడు. కాసేపటికి అన్నాడు: 'ఒరే, ఆ రోజుల్లో నా కడుపుమంట నిజమే. కానీ ఇవాళ ఈ ఘాట్ ఎక్కేసరికే నాకు కళ్ళు తిరిగాయి. మీ బడికి రోడ్డు దిగాక ఇంకా నడవాలంటున్నారు. అప్పుడు నన్ను అక్కడ వేసుంటే నెల తిరక్కుండా డిప్యుటేషన్ కోసం తిరిగేవాణ్ణి.' మేమెవరం ఏమీ అనలేదు. అనకాపల్లి టీ పోసి ముందు వాడికిచ్చింది. ముల్లు పూర్తిగా ఊడిందని చెప్పలేం గానీ ఆ రాత్రి నొప్పి తగ్గింది.

తెల్లవారుజామున మూడున్నరకు లేచాం. వంజంగి పాడేరు నుంచి ఏడెనిమిది కిలోమీటర్లే. జీపు దిగాక పైకి రాళ్ళదారి. అప్పటికే కార్లు బారులు తీరి ఉన్నాయి. చీకట్లో వందల తలలైట్లు కొండ మీదికి పాకుతుంటే మాకు మోదకొండమ్మ జాతర గుర్తొచ్చింది. బూట్లు వేసుకున్నవాళ్ళు జారుతున్నారు, మేము మామూలు చెప్పులతో వెళ్తున్నాం. అనకాపల్లికి ఆయాసం వచ్చి మూడుచోట్ల కూర్చుంది. మూడోసారి కూర్చున్నప్పుడు అడిగింది: 'డోలీలో మోసుకెళ్ళారని పేపర్లో చదువుతుంటాం కదా, ఇలాంటి దారిలోనేనా?' వంజంగికి రోడ్డుంది, ఇక్కడ అంబులెన్సు వస్తుందని చెప్పాం. రోడ్డు లేని గూడేల్లో దారి ఇంతకంటే సన్నగా ఉంటుంది. నొప్పులు పడుతున్న మనిషిని బొంగుకు దుప్పటి కట్టి ఇద్దరు ముందు, ఇద్దరు వెనక మోస్తారు. వర్షంలో అయితే గెడ్డ దాటించడానికి ఇంకో నలుగురు కావాలి. ఆమె లేచి, చేతికర్ర మాకిచ్చేసి, ఇక కూర్చోకుండా నడిచింది.

రెండో మలుపు దగ్గర 'టీ, టీ, వేడి టీ' అని సన్నని గొంతు వినిపించింది. రెండు చేతుల్లో రెండు ఫ్లాస్కులు, భుజానికి కాగితపు కప్పుల సంచి. మా తలలైటు వాడి ముఖం మీద పడింది. హుకుంపేట పనిచేసే బడిలో ఏడో తరగతి చదివే గుంటడు. 'మాస్టారూ' అని ఒక ఫ్లాస్కును వీపు వెనక దాచబోయాడు. రెండోదాన్ని ఎక్కడ దాచాలో తెలియక అలాగే నిలబడ్డాడు.

నెల రోజులుగా వాడు సోమవారం బడికి రావడం లేదు. వస్తే రెండో పీరియడ్‌కే బల్ల మీద తల పెట్టి నిద్రపోతున్నాడు. జ్వరమా అని అడిగితే కాదన్నాడు. ఇంట్లో గొడవా అంటే కాదన్నాడు. జవాబు ఆ చీకట్లో, రెండు ఫ్లాస్కులతో మా ఎదురుగా నిలబడి ఉంది.

మేము ఏదైనా అనేలోపే వెనకనుంచి వచ్చినవాళ్ళు మూడు టీలు అడిగి 500 నోటు ఇచ్చారు. కప్పు 20. గుంటడు నోటు జేబులో పెట్టి, లెక్కపెట్టడానికి ఒక్క క్షణం కూడా ఆగకుండా 440 తిరిగిచ్చాడు. హుకుంపేట మా వైపు చూశాడు. బడిలో 500లోంచి 60 తీసేయమంటే పైనుంచి అప్పు తెచ్చుకోవడం దగ్గర ఆగిపోయి బిక్కముఖం వేసేది వీడే. ఇక్కడ 60కి ముందు 40 కలిపి వంద చేసి, మిగతా నాలుగు వందలు పైన పెట్టాడు. మా ట్రైనింగులో పిల్లల పరిసరాల నుంచి పాఠం మొదలుపెట్టాలని నేర్పారు. వీడి పరిసరాలు తెల్లవారుజామున నాలుగింటికి ఇక్కడ ఉన్నాయి.

మేము కూడా వాడి దగ్గరే టీ తాగాం. డబ్బులు తీసుకోనన్నాడు. ఇచ్చాం. 'రేపు బడికి వస్తావా?' అని హుకుంపేట వాడితో ఆదివాసీ ఒడియాలో అడిగాడు. తల ఊపాడు. అవునో కాదో తెలియలేదు. మా వెనక నిలబడ్డ భీమిలి ఇదంతా చూస్తూ ఒక్క మాట కూడా మాట్లాడలేదు.

పైకి చేరేసరికి తూర్పు తెల్లబడింది. కింద లోయ మొత్తం మబ్బు. మధ్యలో అక్కడక్కడ కొండల తలలు మాత్రం తేలుతున్నాయి. చోడవరం 'అబ్బా' అని కూర్చుండిపోయాడు. ఎన్నిసార్లు చూసినా బాగుండే దృశ్యమే, మాకు అలవాటైపోయిందని అబద్ధం చెప్పం. చలికాలంలో ఆకాశం తేటగా ఉన్న రాత్రి నేల త్వరగా చల్లబడుతుంది. చల్లబడ్డ గాలి బరువెక్కి వాలు వెంట లోయలోకి జారుతుంది. అక్కడి తేమ పొగమంచుగా మారి అడుగున ఉండిపోతుంది. మనం దాని పైన నిలబడతాం కాబట్టి కింద మబ్బుల సముద్రం కనిపిస్తుంది. ఎండ ఎక్కి నేల వేడెక్కేకొద్దీ అది లేచి విడిపోతుంది. అనకాపల్లి తన ఐదో తరగతి పిల్లలకు చూపించాలని ఇదంతా వీడియో తీస్తూ మా చేత చెప్పించింది.

సూర్యుడు రాగానే కొండంతా కేకలు. అందరూ సెల్‌ఫోన్లు ఎత్తారు. ఆ గుంపుకు అడ్డంగా నెత్తిన మొక్కజొన్న పొత్తుల గంప పెట్టుకుని ఒక ముసలమ్మ నడుస్తోంది. 'అవ్వా, కొంచెం పక్కకు జరుగు, ఫోటోలో పడుతున్నావు' అని ఎవరో అరిచారు. ఆమె జరిగింది. కేకలు వేస్తున్నవాళ్ళకు అది చిన్న విషయం. భీమిలి ముఖం మాత్రం మాడిపోయింది.

'మా దగ్గరా ఇదేరా' అన్నాడు. 'పొద్దున్నే సముద్రం మీద సూర్యుణ్ణి తీయడానికొస్తారు. పడవ ఒడ్డుకు లాగుతుంటే అడ్డు తీయమంటారు. మరో గుంపు వచ్చి అదే పడవ పక్కన నిలబడి ఫోటో దిగుతుంది. చేపలు పడ్డాయా లేదా అని ఒక్కడూ అడగడు.' తర్వాత కింది మలుపు వైపు చూస్తూ చెప్పాడు. 'మా అయ్య మూడింటికి లేచి వేటకెళ్ళేవాడు. నేను ఏడో తరగతిలో ఉండగా పెద్దన్నకి కాలు విరిగింది. నన్ను తీసుకెళ్ళడం మొదలెట్టాడు. నాకు బాగానే ఉండేది, డబ్బులొచ్చేవి. బడి మానేశాను. ఒకరోజు పడవ ఒడ్డుకొచ్చేసరికి మా మాస్టారు ఇసుకలో నిలబడి ఉన్నారు. తిట్టలేదు. మా అయ్యతో చేపలు ఎలా పడ్డాయని అడిగి వెళ్ళిపోయారు. మర్నాడూ వచ్చారు. అలా వారం రోజులు. చివరికి మా అయ్యే సిగ్గుపడి, వేటకి వద్దులే, బడికి పో అన్నాడు. ఆయన రాకపోయుంటే మీ బ్యాచ్‌లో నేను లేను.'

రెండేళ్ళు ఒకే హాస్టల్లో ఉండి, ఇరవై ఏళ్ళకు పైగా స్నేహం చేసి, ఆ సంగతి మాకు తెలియదు. మేమంతా కలిసి దిగిన ఫోటోలో వెనక మబ్బు చాలా బాగా వచ్చింది. ఆ పూట మాకు గుర్తున్నది మాత్రం భీమిలి చెప్పిన ఇసుక, అందులో నిలబడ్డ మాస్టారు.

దిగేటప్పుడు దారి పక్కన కాగితపు కప్పులు, నీళ్ళ సీసాలు, చిప్స్ కవర్లు. పెదబయలు ఒక గోనెసంచి అడిగి తెచ్చాడు. మా ఏడుగురం ఏరుకుంటూ దిగాం. కింద పక్కల కాఫీ తోటల్లో పళ్ళు ఎర్రగా ఉన్నాయి. సిల్వర్ ఓక్ చెట్లకు మిరియాల తీగలు. కాఫీ కోతా, ఈ పర్యాటకుల రద్దీ రెండూ చలికాలంలోనే వస్తాయి. పెద్దవాళ్ళు పళ్ళు కోయడానికి వెళ్తే టీ ఫ్లాస్కులు పిల్లల చేతికి వస్తాయి. ఎందుకొస్తాయో తెలుసుకోవడానికి పెద్ద పరిశోధన అక్కర్లేదు.

మిత్రులు ముగ్గురూ ఆదివారం సాయంత్రం వెళ్ళిపోయారు. వెళ్ళేముందు చోడవరం ఆ గుంటడి చదువు ఖర్చు తాను భరిస్తానన్నాడు. మంచి మనసుతోనే అన్నాడు. చదువుకు వాడి దగ్గర ఖర్చేమీ లేదని చెప్పాం. పుస్తకాలు, బట్టలు, మధ్యాహ్నం భోజనం బడిలోనే వస్తాయి. లేనిది నిద్ర.

సోమవారం గుంటడు బడికి రాలేదు. మంగళవారం సాయంత్రం హుకుంపేట, పాడేరు ఇద్దరం వాళ్ళ గూడేనికి వెళ్ళాం. తిట్టడానికి కాదు. కాఫీ ఎలా ఉందని అడిగాం. ఈ ఏడు కాపు బాగుందని, కోయడానికే మనుషులు చాలడం లేదని తండ్రి చెప్పాడు. అంబలి పోశారు, తాగాం. గురువారం మళ్ళీ వెళ్ళాం. అప్పుడు ఆయనే మాట ఎత్తాడు.

'మాస్టారూ, మీరెందుకొచ్చారో తెలుసు. గుంటడు పొద్దున్న మూడు గంటలు తిరిగితే రెండు వందలు, ఒక్కోరోజు మూడు వందలు తెస్తున్నాడు. చలి మూడు నెలలే. ఆ తర్వాత ఇటు ఎవడొస్తాడు? చదివినోళ్ళు మాత్రం ఏం చేస్తున్నారు? మా అన్న కొడుకు డీఎడ్ చదివి గుడారాలు కాపలా కాస్తున్నాడు.'

ఆ మాటకు మా దగ్గర తయారుగా జవాబు లేదు. చదివితే ఉద్యోగం వస్తుందని మా మాస్టార్లు మాకు చెప్పినంత ధైర్యంగా మేము ఇప్పుడు చెప్పలేం. జీవో పోయాక ఆ మాటలో బలం తగ్గింది. అయినా ఒకటి చెప్పాం. ఈ కొండల్లో భూమి గిరిజనేతరుల చేతికి పోకూడదని 1/70 చట్టం ఉంది. మన కొండ గురించి ఊరంతా కూర్చుని మాట్లాడడానికి పీసా చట్టం కింద గ్రామసభ ఉంది. రేపు ఆ సభలో లెక్క అడగాలన్నా, బయటివాడు తెచ్చిన కాగితం మీద వేలిముద్ర వేసేముందు చదవాలన్నా ఈ గుంటడే కావాలి. లెక్క వాడికి వచ్చు, మేము చూశాం. చదవడం రావాలి. ఉద్యోగం సంగతి తర్వాత.

తండ్రి వెంటనే ఒప్పుకోలేదు. తల్లి మాత్రం లోపలి నుంచి, 'ఆదివారం పగలంతా పడుకునే ఉంటాడు, జ్వరమొచ్చినట్టు' అంది. మూడోసారి వెళ్ళినప్పుడు గుడారాల దగ్గర పనిచేసే కుర్రాళ్ళు కూడా వచ్చారు. ఆ రాత్రి ఊరి పెద్దలతో కూర్చుని ఒక మాట అనుకున్నారు. బడికి వెళ్ళే వయసు పిల్లలు బడి ఉన్న రోజు పొద్దున కొండెక్కకూడదు. ఫ్లాస్కులు ఇంటర్ తప్పి ఖాళీగా ఉన్నవాళ్ళు, పెద్ద ఆడవాళ్ళు వంతులవారీగా పట్టుకుంటారు. శనివారం రాత్రి, అంటే ఆదివారం పొద్దున సంగతి మాత్రం తేలలేదు. అది పెద్ద బేరం ఉండే పూట. తండ్రి వదులుకోనన్నాడు. అదీ పెద్దవాళ్ళ చేతికే వెళ్ళాలన్నది మా కోరిక. దాని కోసం ఇంకా వెళ్తూనే ఉన్నాం.

ఇప్పుడు గుంటడు సోమవారాలు వస్తున్నాడు. ఒకరోజు హుకుంపేట పొగమంచు పాఠం చెప్తూ, వంజంగి మబ్బు గురించి తెలిసినవాళ్ళు చెప్పమంటే వాడు లేచాడు. మొదట తెలుగులో మొదలెట్టి ఆగిపోయాడు. మీ ఇంటి భాషలో చెప్పు అంటే గడగడా చెప్పాడు. గాలి వీచిన రాత్రి మబ్బు ఉండదట. ఆకాశం నిండా మబ్బు పట్టిన రాత్రి కూడా లోయలో ఉండదట. చుక్కలు బాగా కనబడి, చెవులు నొప్పి పుట్టేంత చలి ఉంటేనే ఉంటుందట. అలాంటి రోజు ఫ్లాస్కులు ఎక్కువ పట్టుకెళ్ళాలట. మేము కొండ మీద అనకాపల్లి వీడియోకు చెప్పినదాంట్లో గాలి సంగతి లేదు. గాలి వీస్తే అడుగునున్న చల్లగాలి పైగాలితో కలిసిపోయి పొగమంచు నిలవదు. వాడు దాన్ని పుస్తకంలో చదవలేదు, చూసి తెలుసుకున్నాడు. ఆ మాటలను వాడి చేతనే తెలుగులో రాయించి గోడకు అంటించాం. నాలుగు తప్పులున్నాయి. దిద్దలేదు, వాడే వచ్చే నెలలో దిద్దుకుంటాడు.

మన పుస్తకం చదివే టీచర్లకు ఒక మాట. వచ్చే చలికాలం కూడా కార్లు వస్తాయి. రావద్దని మనం అనం. వచ్చే డబ్బు మన ఇళ్ళలోకే రావాలి, అదీ పెద్దవాళ్ళ చేతుల మీదుగా. మీ బడిలో సోమవారం తల వాల్చే పిల్లలుంటే, ఆదివారం తెల్లవారుజామున ఒకసారి కొండెక్కి చూడండి. వలిసె పూల పొలాల దగ్గర, జలపాతాల దగ్గర కూడా చూడండి. కనబడితే తిట్టకండి, టీ తాగి డబ్బులివ్వండి. తర్వాత ఇంటికి వెళ్ళండి. ఒక్కసారి కాదు, నాలుగుసార్లు.

మా బ్యాచ్ తర్వాతి ట్రిప్ భీమిలికి. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మర పడవలతో చేపలవేట నిషేధం. అది ముగిసి పడవలు మళ్ళీ నీళ్ళలోకి దిగాక రమ్మన్నాడు. సూర్యోదయం కోసం కాదు, పడవ ఒడ్డుకొచ్చే వేళకు రండి, లాగడానికి మనుషులు కావాలి అన్నాడు. ఈసారి గుంటణ్ణి కూడా తీసుకెళ్దామనుకున్నాం. వాళ్ళ నాన్న సరేనన్నాడు. వాడింకా సముద్రం చూడలేదు. సంగతి చెప్తే కళ్ళు పెద్దవి చేసి విని, ఒకే ఒక్క ప్రశ్న అడిగాడు, అక్కడ కూడా టీ అమ్ముతారా అని.

అమ్ముతారు, నువ్వు కొనుక్కుని తాగుదువుగాని అన్నాం.